డబ్బా మీద కొవ్వు, డబ్బాలో లేని నీరు

ఎవాపరేటెడ్ మిల్క్ అంటే సగానికి పైగా నీరు ఆవిరి చేసి, పంచదార కలపకుండా డబ్బాకెత్తిన పాలు. అందులో కొవ్వు తగ్గించిన రకం డబ్బా మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలు కొవ్వు గురించే ఉంటాయి. నా వాదన ఏమిటంటే, ఆ డబ్బాలో అన్నిటికంటే తక్కువ పట్టించుకోవలసిన సంగతి అదే. ఆ పాలకు పోషక విలువ ఉంది, కాదనను. అయితే ఆ విలువంతా అందులోంచి తీసేసిన నీటి వల్ల వచ్చింది. కొవ్వు తీయడం వల్ల ఒరిగింది కొంచెమే, దానితోపాటు పోయిందీ కొంత ఉంది. మా చుట్టాల్లోనే కొందరు ఈ డబ్బాను ఆరోగ్యం పేరు చెప్పి టీలో ధారగా పోసుకోవడం చూస్తున్నాను కనుక, కాగితం మీద లెక్క వేసి మరీ ఈ గొడవ పెట్టుకుంటున్నాను.

విశాఖకు ఈ డబ్బాలు కొత్తవి కావు. ఓడల మీద పనిచేసేవాళ్లు, గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చేవాళ్లు ఖర్జూరాలతోపాటు పెట్టెలో వేసుకొచ్చేవారు. అక్కడ కరక్ చాయ్‌కి ఆ చిక్కదనం ఈ డబ్బా పాలతోనే వస్తుంది. ఇప్పుడు నగరంలోని పెద్ద సూపర్ మార్కెట్లలోనూ, దిగుమతి సరుకు అమ్మే దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. దొరికినా చాలామంది దీన్నీ కండెన్స్‌డ్ మిల్క్‌నూ ఒకటే అనుకుంటారు. రెండూ చిక్కటి పాలే, రెండూ డబ్బాలోనే వస్తాయి, పోలిక అక్కడితో సరి. కండెన్స్‌డ్ మిల్క్‌లో దాదాపు సగం పంచదార. అందుకే 100 గ్రాములకు 320 కెలోరీల దాకా ఉంటుంది. అది పాడవకుండా కాపాడేది ఆ పంచదారే. ఎవాపరేటెడ్ మిల్క్‌లో పంచదార కలపరు. పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ తప్ప వేరే తీపి ఉండదు. దాన్ని కాపాడేది వేడి.

ఆ వేడి సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే పోషకాల జమాఖర్చులో సగం అక్కడే తేలుతుంది. జాన్ మేయెన్‌బర్గ్ అనే స్విట్జర్లాండ్ మనిషి పంచదార లేకుండా పాలను డబ్బాలో నిలవ ఉంచే పద్ధతికి 1884లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఇల్లినాయ్ రాష్ట్రంలోని హైలాండ్ అనే ఊళ్లో కర్మాగారం మొదలైంది. పద్ధతి మౌలికంగా ఇప్పటికీ అదే. గాలి ఒత్తిడి తగ్గించిన పాత్రలో పాలను మరిగిస్తారు. ఒత్తిడి తగ్గితే మరిగే ఉష్ణోగ్రతా తగ్గుతుంది కనుక మన ఇంట్లోలాగా అడుగంటే బాధ లేకుండా పాలలోని నీటిలో సుమారు 60 శాతం ఆవిరైపోతుంది. మిగిలిన చిక్కటి పాలలో కొవ్వు పైకి తేలకుండా కొవ్వు బొట్లను సన్నగా చిదిమి, డబ్బాలో పోసి, మూత బిగించి, అప్పుడు 115 డిగ్రీలు దాటిన వేడిలో పావుగంట వరకూ ఉడికిస్తారు. విరిగిపోకుండా కొద్దిగా ఫాస్ఫేట్ లవణం, నిలవలో కొవ్వు విడిపోకుండా సముద్రపు నాచు నుంచి తీసే క్యారజీనన్ కలపడం మామూలు. డబ్బా తెరిస్తే కనిపించే ఆ లేత గోధుమ రంగు, ఆ కాస్త మాడిన తీపి వాసన, పాలలోని చక్కెరా ప్రోటీనూ వేడికి కలిసి పుట్టించినవి. మన కోవా రంగూ అలా వచ్చిందే.

ఇప్పుడు "కొవ్వు తగ్గించిన" అన్న మాటకు వద్దాం. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ఈ పాలకు తరగతులు పెట్టింది. మామూలు ఎవాపరేటెడ్ మిల్క్‌లో కొవ్వు 7.5 శాతం తగ్గకూడదు, మొత్తం పాల ఘనపదార్థం 25 శాతం తగ్గకూడదు. కొవ్వు పూర్తిగా తీసినదైతే 1 శాతం మించకూడదు. ఈ రెండింటి మధ్యలో ఉన్నదంతా "పాక్షికంగా వెన్న తీసిన" తరగతి. అంటే 1 శాతం దాటింది మొదలు 7.5 శాతం లోపు దాకా ఏదైనా కావచ్చు. ఇంత వెడల్పైన గుమ్మంలోంచి ఏనుగు కూడా దూరుతుంది. 2 శాతం కొవ్వున్న డబ్బా, 4 శాతం కొవ్వున్న డబ్బా అరలో పక్కపక్కనే ఒకే మర్యాదతో కూర్చుంటాయి. తగ్గించినది అని చెప్పుకోవడానికి అసలు సరుకుతో పోలిస్తే కనీసం నాలుగో వంతు తగ్గితే చాలన్నది పోషకాల ప్రకటనల మీద కోడెక్స్ పెట్టిన నియమం. "తక్కువ కొవ్వు" అనాలంటే మాత్రం వేరే గీత ఉంది: ద్రవ పదార్థమైతే 100 మిల్లీలీటర్లకు 1.5 గ్రాములు మించకూడదు. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా ఈ గీతనే పెట్టుకుంది.

ఈ 1.5 అంకె దగ్గర కాసేపు ఆగుతాను. విశాఖలో తెల్లవారకముందే ఇంటి గుమ్మానికి వచ్చే ప్యాకెట్లలో డబుల్ టోన్డ్ పాలు అని ఒక రకం ఉంటుంది. మన నిబంధనల ప్రకారం అందులో కొవ్వు 1.5 శాతం, కొవ్వు కాని ఘనపదార్థం 9 శాతం. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం. ఫుల్ క్రీమ్‌లో 6. అంటే డాక్టరు "తక్కువ కొవ్వు పాలు తాగండి" అన్నప్పుడు ఆయన చెప్పిన సరుకు రోజూ మన వీధిలోకి సైకిలు మీదో ఆటోలోనో వచ్చి వెళుతూనే ఉంది. దాన్ని వదిలేసి సముద్రాలు దాటి వచ్చిన డబ్బాలో, 4 శాతం రకమైతే దానికంటే రెండున్నర రెట్లకు పైగా కొవ్వున్న పాలను, కొవ్వు తగ్గించుకోవడానికని కొంటున్నాం.

సీతమ్మధారలో ఉండే మా మేనత్త ఇంట్లో జరిగింది ఇదే. పరీక్షల్లో కొలెస్ట్రాల్ ఎక్కువ చూపించింది. కొడుకు ఓడ మీద ఇంజనీరు, వస్తూ వస్తూ ఈ డబ్బాలు తెచ్చాడు. డబ్బా మీద లేత నీలం రంగు, సన్నటి నడుమున్న ఆవు బొమ్మ. అత్తయ్య అంతకుముందు టీకి సగం నీళ్లు, సగం డబుల్ టోన్డ్ పాలు పోసేది. డబ్బా వచ్చాక పాలు పోసే చోట అదే కొలతతో డబ్బా పాలు పోయడం మొదలుపెట్టింది.

"ఇందులో కొవ్వు తీసేశారు కదా, ఎంత పోస్తే ఏమవుతుంది? నువ్వూ ఒక కప్పు తాగు, ఎంత చిక్కగా ఉందో చూడు" అంది.

"ఆ చిక్కదనం ఎక్కడినుంచి వచ్చిందనుకుంటున్నావు అత్తయ్యా?" అన్నాను.

"మంచి పాలు. మన ప్యాకెట్ పాలలాగా నీళ్లు కలపలేదు."

నీళ్లు కలపకపోవడం కాదు, ఉన్నవి తీసేశారు. డబ్బా తిప్పి వెనక అంకెలు చదివాం. 100 మిల్లీలీటర్లకు కొవ్వు 4 గ్రాములు, ప్రోటీన్ ఏడున్నర, చక్కెర, అంటే లాక్టోజ్, పదిన్నర, కెలోరీలు 110 చిల్లర. అత్తయ్య టీ కప్పులో పాల వాటా కొలిస్తే సుమారు 75 మిల్లీలీటర్లు తేలింది. డబుల్ టోన్డ్ పోసినప్పుడు అందులో కొవ్వు గ్రాముకు కాస్త ఎక్కువ, కెలోరీలు 35 దరిదాపు. డబ్బా పాలు అంతే పోస్తే కొవ్వు 3 గ్రాములు, కెలోరీలు 80 దాటాయి. కొవ్వు తగ్గించుకోవడానికి మొదలుపెట్టిన పథ్యంలో కొవ్వు దాదాపు మూడు రెట్లయింది. రోజుకు రెండు మూడు కప్పులు, మధ్యాహ్నం ఎవరైనా వస్తే వాళ్లతో ఇంకొకటి. పంచదార సరేసరి.

డబ్బా పాలను నీళ్లతో మామూలు పాల పలుచదనానికి తెస్తే అప్పుడు లెక్క మారుతుంది. ఇంచుమించు సమానంగా నీళ్లు కలిపితే 4 శాతం కొవ్వు 2 శాతానికి దిగుతుంది. ప్రోటీన్, కాల్షియం కూడా సగానికి దిగి మామూలు పాలంత అవుతాయి. అంటే ఏ అద్భుతమూ లేదు, టోన్డ్‌కూ డబుల్ టోన్డ్‌కూ మధ్యలో ఒక రకం పాలు తయారయ్యాయి. ఇక్కడ ఇంకో తమాషా ఉంది. మామూలు, కొవ్వు తీయని ఎవాపరేటెడ్ మిల్క్‌కు కూడా అంతే నీళ్లు కలిపితే కొవ్వు 4 శాతం దాటదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం గేదె పాలలో కొవ్వు ఆరున్నర గ్రాములు. ఉత్తరాంధ్ర పల్లెల్లో చిక్కటి గేదె పాలు తాగి పెరిగినవాళ్లకు, ఆవు పాల దేశాలవాళ్లు "పూర్తి కొవ్వు" అని భయపడేది కూడా పలుచగానే కనిపిస్తుంది. కాబట్టి తగ్గించడం అంటే దేనినుంచి తగ్గించారన్నది అడక్కుండా ఆ మాటకు విలువ లేదు.

ఇంకో వైపు నుంచీ చూద్దాం. పొదుపుగా వాడేవాళ్లు ఉంటారు, రెండు పెద్ద చెంచాలు, అంటే 30 మిల్లీలీటర్లు మాత్రమే కాఫీలో వేసుకుంటారు. పూర్తి కొవ్వు డబ్బా అయితే అందులో కొవ్వు రెండుంపావు గ్రాములు. 2 శాతం డబ్బా అయితే అర గ్రాము పైచిలుకు. ఆదా అయింది ఒకటిన్నర గ్రాముల పైన, చిన్న చెంచాడు నెయ్యిలో మూడో వంతు. అదే మనిషి సాయంత్రం బీచ్ రోడ్డులో వేడి వేడి మిరపకాయ బజ్జీ ఒక్కటి తింటే ఆ ఆదా నూనెలో కలిసిపోతుంది. నేను బజ్జీకి వ్యతిరేకిని కాను. బజ్జీ తినేటప్పుడు బజ్జీ తింటున్నామని మనకు తెలుసు. పాలలో కొవ్వు మూడింట రెండు వంతులు సంతృప్త కొవ్వే, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు దాన్ని తగ్గించుకోవలసిందే. అయితే అది తగ్గేది కాఫీలోకి వెళ్లే రెండు చెంచాల దగ్గర కాదు. ఉదయం పెసరట్టు మీద పోసే నూనె దగ్గర, పప్పన్నంలో పోసే నెయ్యి దగ్గర, పండక్కి డబ్బాల్లోకి ఎత్తే జంతికల దగ్గర.

ఇక కొవ్వుతోపాటు పోయేవేమిటో చూద్దాం. విటమిన్ ఎ, విటమిన్ డి కొవ్వులో కరిగేవి. వెన్న తీస్తే వాటిలో చాలా భాగం వెన్నతోనే పోతాయి. అందుకే చాలా దేశాల్లో కొవ్వు తగ్గించిన పాలలో వాటిని మళ్లీ కలుపుతారు. అమెరికాలో ఎవాపరేటెడ్ మిల్క్‌కు విటమిన్ డి కలపడం నియమం. పిల్లల్లో ఎముకలు వంకరపోయే రికెట్స్ జబ్బును అక్కడ అదుపులోకి తెచ్చిన ప్రయత్నాల్లో 1930ల నుంచి ఈ డబ్బా పాలకూ చోటుంది. మన దేశంలో టోన్డ్, డబుల్ టోన్డ్ ప్యాకెట్ల మీద నీలం రంగులో ప్లస్ గుర్తు పక్కన ఎఫ్ అక్షరం కనిపిస్తే ఎ, డి విటమిన్లు కలిపారని అర్థం. డబ్బా కొనేటప్పుడు నేను మొదట చూసేది పదార్థాల జాబితాలో ఈ రెండూ ఉన్నాయా లేదా అని. లేకపోతే ఆ డబ్బా కొవ్వుతోపాటు వాటినీ వదిలించుకుందన్నమాట. మన ఊళ్లో ఎండకు కొదవలేదు, విటమిన్ డి సంగతి పాలతో ఎందుకు అనేవాళ్లుంటారు. ఏసీ గదుల్లో ఉద్యోగం, ఎండ ముదరకముందే నడక ముగించే అలవాటు, బయటికి వస్తే గొడుగు, ఇక ఒంటికి ఎండ తగిలేదెప్పుడు?

వేడికి పోయేవి వేరు. థయమిన్, ఫోలేట్ అనే బి విటమిన్లు, విటమిన్ సి తగ్గుతాయి. సి అంటారా, పాలలో అది ముందే నామమాత్రం, జామకాయలు తినేవాళ్లు దాని కోసం పాలను చూడరు. అసలు నష్టం బి12. మామూలు పాలలో 100 గ్రాములకు 0.4 మైక్రోగ్రాములకు అటూ ఇటూ ఉండే బి12, రెండింతలు చిక్కబడిన ఈ డబ్బా పాలలో 0.2 కంటే తక్కువకు పడిపోతుంది. నీళ్లు కలిపాక చూస్తే ఇంకా సగం. చేపలు, గుడ్లు తినేవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. శాకాహారం తప్ప ముట్టని ఇంట్లో మాత్రం బి12కు పాలూ పెరుగే ప్రధాన దిక్కు. అలాంటి ఇంట్లో రోజువారీ పాలను మానేసి డబ్బాకు మారడం తెలివైన పని కాదు. ఈ మాట డబ్బా మీద ఎక్కడా ఉండదు. నేను చూసిన వ్యాసాల్లోనూ కొవ్వు గురించి రాసినన్ని మాటలు దీని గురించి కనపడలేదు, అది నాకు వింతగానే ఉంటుంది.

మిగిలేవి ఏమిటి? ఇక్కడే డబ్బా తలెత్తుకుంటుంది. కాల్షియం వేడికి చెదరదు, కొవ్వుతో పోదు. మామూలు పాలలో 100 గ్రాములకు 120 మిల్లీగ్రాములు ఉండేది ఈ పాలలో 260 నుంచి 290 వరకూ ఉంటుంది. కొవ్వు తగ్గిన కొద్దీ కాల్షియం, ప్రోటీన్ కాస్త పెరుగుతాయి కూడా, కొవ్వు ఖాళీ చేసిన చోటు అవి తీసుకుంటాయి కనుక. ప్రోటీన్ ఏడు, ఏడున్నర గ్రాములు. వేడికి లైసిన్ అనే అమైనో ఆమ్లం కొంత దెబ్బతింటుంది, అయినా పాల ప్రోటీన్‌లో అది పుష్కలంగా ఉండేదే కనుక మనం అన్నంతో, పప్పుతో తినేటప్పుడు ఆ లోటు తెలియదు. పెద్దవాళ్లకు రోజుకు కాల్షియం 1000 మిల్లీగ్రాములు కావాలన్నది మన దేశపు సిఫారసు. అందులో పావు వంతు పైన ఒక చిన్న గ్లాసులో పడుతుందంటే తేలిక విషయం కాదు. కడుపులో చోటు తక్కువ, అవసరం ఎక్కువ ఉన్న మనిషికి ఇది పనికొచ్చే సరుకు. బరువు తగ్గాలనుకునే మనిషికి ఇది అమ్మడమే నాకు నచ్చని సంగతి.

ఈ చిక్కదనం కోసం డబ్బాయే కొనాలా అంటే, అక్కర్లేదు. మా ఇంట్లో పండగలకు చేసే పద్ధతి చెబుతాను. లీటరు డబుల్ టోన్డ్ పాలు, అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నె, చెక్క గరిటె. పొంగు వచ్చాక మంట బాగా తగ్గించి, గరిటెతో అడుగు నుంచి గీరుతూ తిప్పుతూ ఉండాలి. మీగడ తరక కట్టనివ్వకూడదు. కట్టిందంటే ప్రోటీనూ కొవ్వూ ఆ తరకలో పోగై పాలు పలుచగా మిగులుతాయి. గిన్నె అంచున ఎండిన పాల గీత ఒక్కొక్కటే కిందకు దిగుతుంటుంది, ఆ గీతల్ని గరిటెతో గీకి మళ్లీ పాలలో కలపాలి. సగం కంటే కాస్త కిందకు, 450 మిల్లీలీటర్ల దాకా వచ్చేసరికి రంగు లేత గోధుమకు తిరుగుతుంది, గరిటె ఎత్తితే బొట్టు తొందరగా జారదు. అప్పుడు లెక్క వేయండి: లీటరులోని 15 గ్రాముల కొవ్వు 450లో పడింది, అంటే 3.3 శాతం. ప్రోటీన్ ఏడు గ్రాముల పైన. కాల్షియం 265 దగ్గర. కోడెక్స్ చెప్పే పాక్షికంగా వెన్న తీసిన ఎవాపరేటెడ్ మిల్క్‌కు కావలసిన అంకెలన్నీ మీ పొయ్యి మీద వచ్చేశాయి. ఫాస్ఫేట్ లేదు, నాచు లేదు. నిలవ ఉండదు, ఆ రోజుకారోజు వాడుకోవాలి. గ్యాసు ఖర్చు, గరిటె తిప్పిన చేతి నొప్పి వేరే.

అంత ఓపిక లేనివాళ్లకు ఇంకా తేలిక దారి ఉంది. 200 మిల్లీలీటర్ల డబుల్ టోన్డ్ పాలలో 25 గ్రాముల వెన్న తీసిన పాలపొడి, అంటే మూడు పెద్ద చెంచాలు, ఉండలు లేకుండా కలపండి. ముందు గోరువెచ్చటి పాలు కొద్దిగా పోసి ముద్ద చేసి, తర్వాత మిగతావి పోస్తే ఉండలు కట్టదు. ప్రోటీన్ 100 మిల్లీలీటర్లకు ఏడు గ్రాముల దగ్గరికి వస్తుంది, కాల్షియం 250 దాటుతుంది, కొవ్వు ఒకటిన్నర దగ్గరే ఆగుతుంది. దిగుమతి డబ్బా కంటే తక్కువ కొవ్వు. పూర్ణా మార్కెట్‌లో పాలపొడి ధర అడిగి, దిగుమతి డబ్బా ధర పక్కన పెట్టి చూసుకోండి. మిగతాది నేను చెప్పనవసరం లేదు.

డబ్బాకు నిజంగా న్యాయం జరిగే చోటు మిఠాయి వంటలు. సేమ్యా పాయసంలో, క్యారట్ హల్వాలో కండెన్స్‌డ్ మిల్క్ బదులు ఇది పోస్తే చిక్కదనం అలాగే ఉండి పంచదార మన చేతిలోకి వస్తుంది. ఎంత వేయాలో మనమే తేల్చుకోవచ్చు. చిక్కటి గ్రేవీ కూరల్లో క్రీమ్ బదులు వాడితే కొవ్వు బాగా తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ పోలిక క్రీమ్‌తో. పులుపు వేసే కూరలో మాత్రం మంట ఆపాక పోయాలి, లేకపోతే విరుగుతుంది. బెల్లం పరమాన్నం సంగతీ అంతే.

కొనేటప్పుడు ఇంకో మోసం లాంటిది ఉంది, చట్టబద్ధమైనదే. కొన్ని డబ్బాల్లో పాల కొవ్వు పూర్తిగా తీసేసి, దాని స్థానంలో పామాయిల్ లాంటి మొక్కల నుంచి తీసే నూనె కలుపుతారు. దీనికీ కోడెక్స్‌లో 2006 నుంచి వేరే ప్రమాణం ఉంది. బొమ్మ అదే, ఆవు అదే, డబ్బా అదే. పదార్థాల జాబితా చదివితేనే తేడా తెలుస్తుంది. అందులోనూ "కొవ్వు తగ్గించిన" రకం ఉంటుంది. కాఫీలో రుచికి తేడా పెద్దగా కనిపించదు. పాలు అనుకుని నూనె కొనడం ఇష్టమైతే అది వేరే సంగతి.

కొందరు దీని జోలికి పోకూడదు. ఏడాది లోపు పసిపిల్లలకు ఇవి అసలు పట్టకూడదు. ఒకప్పుడు అమెరికాలో వీటితోనే పసిపిల్లల పాలు తయారుచేసేవారన్నది నిజమే. అప్పటికి వేరే దారి లేక చేసిన పని అది, ఇప్పుడు ఆ అవసరం లేదు. కొవ్వు తగ్గించినవైతే మరీ కూడదు, పసిబిడ్డకు కొవ్వు కావాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా ముట్టకూడదు. పాలు చిక్కబడినప్పుడు ఫాస్ఫరస్, పొటాషియం కూడా రెండింతలవుతాయి, పైగా కలిపిన ఫాస్ఫేట్ లవణం ఒకటి. ఉద్దానం ప్రాంతం నుంచి ఎంతమంది కిడ్నీ రోగులు చికిత్సకు విశాఖ వస్తారో ఇక్కడివాళ్లకు తెలియనిది కాదు. పరామర్శకు వెళుతూ బలానికని ఇలాంటి డబ్బా తీసుకెళ్లే బంధువులున్నారు, అందుకే ఈ మాట అంటున్నాను. పాలు పడక కడుపు ఉబ్బేవాళ్లకు ఇందులోని లాక్టోజ్ రెండింతల ఇబ్బంది. మధుమేహం ఉన్నవాళ్లు "పంచదార కలపలేదు" అన్న మాట చూసి మురిసిపోకుండా 100 మిల్లీలీటర్లకు పది గ్రాముల లాక్టోజ్ ఉందని గుర్తుపెట్టుకోవాలి.

ఇన్ని లెక్కలు మామూలు మనిషి దుకాణంలో నిలబడి వేసుకోలేడు, నాకు తెలుసు. వేసుకోనక్కర్లేని రోజులు ఉండేవి. మన దేశంలో 2011 నాటి ప్యాకింగ్, లేబులింగ్ నిబంధనల్లో ఇలాంటి డబ్బాల మీద "ఈ డబ్బాలోవి ఇన్ని లీటర్ల పాలకు సమానం" అనే వాక్యం రాయాలని ఉండేది. ఎంత సూటి మాట! కొవ్వు, తేలిక, నాజూకు అనే కబుర్లు లేకుండా, నీళ్లు తీసేశాం, ఇది ఇన్ని లీటర్ల సరుకు అని నేరుగా చెప్పే మాట. ఆ వాక్యం డబ్బా ముందు వైపు, ఆవు బొమ్మ పక్కనే, అదే సైజు అక్షరాల్లో ఉండి ఉంటే అత్తయ్య 75 మిల్లీలీటర్లు పోసేది కాదు. కొవ్వు ఎంత తగ్గించారో చెప్పడానికి ముందు వైపు చోటుంటుంది, ఎంత నీరు తీశారో చెప్పడానికి మాత్రం వెనక మూలన చీమ తలకాయంత అక్షరాలు కూడా దండగ అనిపిస్తుంది కాబోలు.

అత్తయ్య ఇంట్లో మిగిలిన డబ్బాలకు మేము వేరే పని చూశాం. మామయ్యకు ఆపరేషన్ అయ్యాక తిండి సయించడం లేదు. ఒక గ్లాసు కంటే ఎక్కువ ఏది ఇచ్చినా చేత్తో తోసేస్తున్నాడు. 30 గ్రాముల చోడి (రాగి) పిండి జావ కాచి, దించాక అందులో 100 మిల్లీలీటర్ల డబ్బా పాలు కలిపి ఇస్తున్నారు. పిండిలో కాల్షియం 110 మిల్లీగ్రాములు, పాలలో 280 దాకా. ప్రోటీన్ తొమ్మిది గ్రాముల పైన, అరవై కిలోల మనిషికి రోజుకు కావలసిన దానిలో అయిదో వంతుకు దగ్గర. కెలోరీలు రెండు వందలు. చోడిలోని కాల్షియం అంతా ఒంటికి పట్టదు, గింజల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు కొంత అడ్డుకుంటాయి. పాలలోది బాగానే పడుతుంది. ఆయన విషయంలో పూర్తి కొవ్వు డబ్బా అయితే ఇంకా మేలు, ఈ నీలం డబ్బాలు ఉన్నాయి కనుక ఇవే వాడుతున్నాం.

టీలో పోయడం అత్తయ్య పూర్తిగా మానలేదు. ఒక చెంచా వేసి, మిగతాది ప్యాకెట్ పాలు పోస్తోంది. ఎందుకని అడిగితే రుచి బాగుందంది. ఆ జవాబుతో నాకు ఏ పేచీ లేదు.